చీకటి అంచె

మన వార్షిక సంచికలో ఆటల పుట ఏటేటా ఒకేలా ఉంటుంది. కప్పు పట్టుకున్నవాడు మధ్యన, ప్రిన్సిపాలు గారు కుడివైపున, ఫిజికల్ డైరెక్టరు గారు ఎడమవైపున. వెనక వరుసవారి ముఖాలు సగం సగమే కనిపిస్తాయి. కింద పేర్లు వేసేటప్పుడు వారి దగ్గరకు వచ్చేసరికి చోటు చాలదు. "మరియు ఇతరులు" అని ముగించేస్తారు. ఈ "మరియు ఇతరులు" గురించే నాలుగు మాటలు చెప్పదలిచాను. అందులో ఒకణ్ణి కనుక చెప్పే హక్కు నాకుందనుకుంటున్నాను. ఉందో లేదో చివరిదాకా చదివాక మీరే తేల్చండి.

కిందటేడు నాలుగు విభాగాల విద్యార్థులం కలిసి, ఎవరి గొడుగు కిందా కాకుండా, రాత్రిపూట ఒక రిలే పందెం పెట్టుకున్నాం. రిలే అంటే మైదానంలో నాలుగు మూలలా నలుగురు నిలబడే పందెం కాదు. కళాశాల ముంగిట బయలుదేరి గోల్కొండ కోట దాకా వెళ్ళి, మళ్ళీ కళాశాలకు రావాలి. జట్టుకు ఎనిమిదిమంది, ఎనిమిది అంచెలు. బేటన్ బదులు ఒక తువ్వాలు. ఈ "అంచె" అన్న మాట మనకు కొత్తది కాదు. తపాలా మూటను ఒకడు కొంత దూరం మోసి ఇంకొకడికి అందించిన కాలంనుంచీ ఉన్నదే. మనం పని మరచి, "అంచెలంచెలుగా" అన్న అలంకారాన్ని మాత్రం ఉపన్యాసాలకు దాచుకున్నాం!

నాకు పడిన అంచె యూసుఫ్‌గూడ నుంచి కృష్ణానగర్ మీదుగా జూబ్లీహిల్స్ చెక్‌పోస్టుకు ఎక్కేది. నా గది కృష్ణానగర్‌లోనే. "నీ పేటే కదా, కళ్ళు మూసుకుని ఎక్కేస్తావు" అన్నారు మావాళ్ళు. నిజం చెప్పొద్దూ, నాకు కావలసింది ఆఖరి అంచె. చివర్లో చప్పట్లు ఉంటాయి, అమ్మాయిలుంటారు, ఫోటో ఉంటుంది. అర్ధరాత్రి దాటాక ఈ మిట్టమీద ఏముంటుంది?

కృష్ణానగర్ ఎవరిదో ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. కొండమీద ఫిల్మ్‌నగర్‌లో సినిమా తీసేవాళ్ళుంటే, కొండ కింద ఇరుకు గదుల్లో ఆ సినిమాను మోసేవాళ్ళుంటారు: జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, డ్రైవర్లు, మేకప్ సహాయకులు, ఇవాళ కాకపోతే రేపని ఎదురుచూసే అసిస్టెంటు డైరెక్టర్లు. తెల్లవారకముందే రోడ్డుపక్క గుంపులుగా నిలబడి షూటింగు బండికోసం చూస్తూ ఉంటారు. హాల్లో సినిమా అయిపోయి వీళ్ళ పేర్లు తెరమీద పైకి పాకుతుంటే మనం సీట్లకింద చెప్పులు వెతుక్కుంటూ ఉంటాం.

రాత్రి ఒంటిగంటన్నరకు తువ్వాలు నా భుజంమీద పడింది. మొదట్లో రెక్కలొచ్చినట్టే ఉంది. చీకట్లో వేగం ఉన్నదానికంటే ఎక్కువ అనిపిస్తుంది, అదొక మోసం. 2019లో నడవడం మొదలైన మెట్రో స్తంభాలు తలమీద నీడలు పరచుకుని ఒక్కొక్కటే వెనక్కిపోతున్నాయి. పగలు బస్సులో కూర్చుంటే ఆ ఎత్తు తెలియదు, బస్సే ఎక్కుతుంది కనుక. రాత్రి ఆ ఎత్తంతా నా పిక్కల్లోకి వచ్చింది. అంగలు చిన్నవి చేసుకోవాలనీ, నడుము వంచకూడదనీ ఎవరో చెప్పిన పాఠం ఊపిరితోపాటే పోయింది. షూటింగునుంచి తిరిగొస్తున్న లైట్ల బండి ఒకటి పక్కన మెల్లగా వచ్చింది. దీపస్తంభాల మధ్య కూర్చున్నాయన తొంగిచూసి, "ఏం తమ్ముడూ, ఎవరైనా తరుముతున్నారా?" అని అడిగాడు.

"లేదన్నా, పందెం."

"మరి మిగతావాళ్ళేరీ?"

నాకు జవాబు తోచలేదు. బండి వెళ్ళిపోయింది. ఆ తర్వాతే నేను నడిచాను. అవును, నడిచాను. నాలుగు స్తంభాల దూరం చేతులు నడుముమీద పెట్టుకుని తాపీగా నడిచాను. వెనక జట్టు కనబడలేదు, ముందు జట్టు కనబడలేదు, పక్కన మనిషి లేడు. చెక్‌పోస్టు దీపాలు కనిపించగానే మళ్ళీ పరుగందుకుని, రొప్పుతూ, చాలా కష్టపడినవాడిలాగే తువ్వాలు అందించాను. తీసుకున్నవాడు నన్నొక్క మాట అనలేదు. ఫిల్మ్‌నగర్ ఎత్తుపల్లాల్లో ప్రాణం పెట్టి పరుగెత్తి ఒక జట్టును దాటేశాడు. చివరకు మేము రెండో స్థానంలో వచ్చాం, మొదటి జట్టుకు నిమిషం లోపు తేడాతో. మర్నాడు నోటీసుబోర్డుమీద జట్టు పేరూ, ఆఖరి అంచె పరుగెత్తినవాడి పేరూ. తక్కినవారం "మరియు ఇతరులు".

నన్ను ఇన్నాళ్ళుగా గుచ్చుతున్నది ఇదే: నడిచిన నేనూ, ప్రాణం పెట్టినవాడూ ఆ రెండు మాటల కింద సమానమైపోయాం. పేరు వేయకపోవడం కష్టపడినవాడికి అన్యాయం అంటారు. నిజమే. కాని అది నావంటివాడికి ఎంత చల్లని నీడో ఎవరూ ఆలోచించరు. లెక్కలేనిచోట దొంగా దొరా ఒక్కటే!

జపాన్‌లో ఇలాంటి పరుగుపందేన్ని "ఎకిదెన్" అంటారు. ఆ మాటకర్థం దాదాపు మన అంచె తపాలాయే. వాటిలో పేరుమోసింది హకోనే ఎకిదెన్. అదీ విశ్వవిద్యాలయ విద్యార్థులదే. 1920 ఫిబ్రవరిలో నాలుగే నాలుగు విద్యాసంస్థలతో మొదలైంది. పొద్దుటి తరగతులు ఎగ్గొట్టకూడదని మధ్యాహ్నం ఒంటిగంటకు బయలుదేరారట! కొండ ఎక్కే ఐదో అంచెకు వచ్చేసరికి చీకటిపడిపోయింది. అప్పుడు ఆ కొండప్రాంతపు యువకులు కాగడాలు పట్టుకుని దారి చూపించారు. దాని వెనక ఉన్న కనకురి షిజో 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ మారథాన్‌లో నడిదారిలో సొమ్మసిల్లినవాడు. ఒక్క వీరుణ్ణి కాదు, ఒకేసారి పదిమందిని తయారుచేయాలన్నది ఆయన ఆలోచన. ఇప్పుడది జనవరి 2, 3 తేదీల్లో పగటిపూట జరుగుతుంది. పదిమంది, సుమారు 217 కిలోమీటర్లు. ఐదో అంచె ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. ఎనిమిది వందల మీటర్లకు పైగా ఎక్కాలి. ఆ అంచెలో మెరిసినవాణ్ణి అక్కడి జనం "కొండ దేవుడు" అంటారు. ఎవరి అంచె ఎన్ని నిమిషాలో, ఎన్ని సెకన్లో పేరుపేరునా నమోదవుతుంది.

అక్కడి కొండ గొప్పదనీ మన కొండ చిన్నదనీ కాదు. అక్కడ కొండమీద కాగడా పట్టినవారున్నారు, గడియారం పట్టినవారున్నారు. మనం రెండూ గమ్యం దగ్గరే పెట్టాం. అంతే తేడా.

"రాత్రి, ఎత్తు, లారీలు. పిల్లలకేమైనా అయితే?" అని పెద్దలు అడుగుతారు. అడగాల్సిందే. మేము అనుమతి లేకుండా, వెంట ఒక సైకిలైనా లేకుండా పరుగెత్తడం తప్పు. అందుకే దొంగచాటుగా కాక కళాశాల పక్షాన జరగాలంటున్నాను. పోలీసు అనుమతి, మెరిసే పట్టీలు, ప్రతి అంచెకూ వెంట ఒక బండి, ఒక వైద్యుడు. ఇంకొక తప్పు కూడా ఒప్పుకోవాలి. రాత్రి అంచె మాకివ్వండని ఇద్దరు విద్యార్థినులు అడిగితే, వాళ్ళ ఇళ్ళలో ఒప్పుకోరని మేమే తీర్పు చెప్పి తెల్లవారుజాము అంచెల్లోకి నెట్టాం. వాళ్ళ ఇళ్ళలో ఎవరినీ అడగలేదు. హకోనేలో ఈనాటికీ పురుషులే పరుగెడతారు. ఆ విషయంలో మనం వారిని అనుకరించనక్కరలేదు.

కనుక విద్యార్థి సంఘానికి నా విన్నపం ఇది. వచ్చే కళాశాల దినోత్సవానికి విభాగాల మధ్య ఒక అంచెల పందెం పెట్టండి. ఆఖరున ఎవరు ముందొచ్చారన్నదే కాదు, ప్రతి అంచె కాలమూ రాయండి. ఎనిమిదిమంది పేర్లూ, ఎనిమిది అంకెలూ సంచికలో అచ్చువేయండి. చోటు చాలకపోతే కప్పు ఫోటో కాస్త చిన్నది చేయండి, కొంపలేమీ మునగవు. పాఠాల్లోనూ, ప్రయోగశాలలోనూ, సంఘం పనుల్లోనూ ఎగుడుదారి అంచెలు మోసేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. ఒక్క పందెంలో అలవాటైతే ఆ లెక్క అక్కడికీ పాకుతుందని నా ఆశ.

ఆ పందెంలో కృష్ణానగర్ అంచె మళ్ళీ నాకే ఇమ్మని ఇప్పుడే అడుగుతున్నాను. ఆ నాలుగు స్తంభాల అప్పు ఉంది. ఈసారి లైట్ల బండి అన్న ఎదురుపడి మిగతావాళ్ళేరీ అని అడిగితే, ముందొకడున్నాడు, వెనకొకడున్నాడు అని చెప్పాలని ఉంది.