గండుచీమ మగది కాదు

పంచదార డబ్బా మూత కాస్త వదులైతే చాలు, గండుచీమలు బారులు తీరతాయి. గండు అంటే మగ. గండుపిల్లి అన్నట్టే దీనికీ ఆ పేరు పెట్టారు పెద్దవాళ్లు. ఒళ్లు బలంగా ఉండి, కరిస్తే చురుక్కుమంటే మగదే అనుకోవాలి గదా! కానీ మన వంటింట్లో బారు కట్టేవన్నీ ఆడచీమలే. తిండి తెచ్చేదీ, గూడు చూసుకునేదీ, రాణి పెట్టిన గుడ్లనీ పిల్లల్నీ సాకేదీ ఇవే. వీటిలో చాలావాటికి తల్లయ్యే యోగం లేదు. మగచీమలు రెక్కలతో ఎగిరి, రాణితో జతకట్టి, కొద్ది రోజుల్లోనే చచ్చిపోతాయి.

ఇదంతా ఎందుకంటే, "పశుపక్ష్యాదుల్ని చూడమ్మా, ఆడపుట్టుక పిల్లల్ని కనడానికే" అనే మాట ఇంకా వింటున్నాం. మా అనంతసాగరం వైపు పెళ్లయి రెండేళ్లు దాటితే కోడల్ని నాగుల చవితికి పుట్టలో పాలు పోసి రమ్మంటారు. (పుట్ట పెట్టేది చీమలు కూడా కాదు, చెదలు!) మొక్కు ఎవరిష్టం వాళ్లది. ఆ పిల్లని సీమంతానికి పిలవరే, అదీ నా బాధ. లోపం మగవాడిలోనూ ఉండొచ్చని డాక్టర్లు మొత్తుకుంటున్నా, ముందు పరీక్షలకి నడిచేది ఆమే.

పోనీ రాణిచీమది రాజభోగమా? ఒక్కసారి ఎగిరి, జతకట్టి, రెక్కలు రాల్చేసుకుని, చీకట్లో గుడ్లు పెడుతూ ఉండిపోతుంది. ఎవరికీ ఆజ్ఞలివ్వదు. రాణి అన్న పేరు మనం పెట్టిందే.

మన దక్షిణాది అడవుల్లో గెంతి వేటాడే చీమ ఒకటుంది, హార్పెగ్నాథస్ అంటారు. రాణి చచ్చిపోతే పనిచీమలు మీసాలతో పోటీపడతాయి. గెలిచినవి గుడ్లు పెట్టడం మొదలెడతాయి. ఏడు నెలల ఆయుష్షు నాలుగేళ్ల దాకా పెరుగుతుంది, మెదడు మాత్రం దాదాపు నాలుగోవంతు కుంచించుకుపోతుంది. వేటకి పోనక్కర్లేదు గదా మరి! అలాంటి చీమల్ని కొన్నాళ్లు విడిగా ఉంచితే గుడ్లు ఆగిపోయి, మెదడు మళ్లీ పెరిగి, మామూలు పనిచీమలైపోయాయని 2021లో అమెరికా శాస్త్రవేత్తలు తేల్చారు. తల్లయితే తెలివి తగ్గుతుందని దీన్ని పట్టుకుని ఎగతాళి చేసే మగమహారాజులుంటారని తెలుసు. ఇద్దరు పిల్లల తల్లిని, నాకూ ఆ పోలిక వద్దు.

ప్రకృతిని చూసి నేర్చుకోమనే పెద్దలు, ఇంతకీ ఏ చీమని చూడమంటున్నారో చెబితే బాగుండు.