కాగిన బండి, దాచిన మాట

ఈ శీర్షికలో నెలనెలా ఇంటి విషయములనే ముచ్చటించుకొనుచున్నాము. ఈ నెల ఇల్లు విడిచి కొంచెము దూరము పోవుదము. మేము చేసిన యొక పొరపాటును మీ యెదుట ఒప్పుకొనవలసియున్నది. చెప్పుటకు సిగ్గుగానే యున్నది. అయినను కారు నడుపు స్త్రీలు నేడు ప్రతి వీధిలోను ఉన్నారు గనుక, మా సిగ్గుకంటె వారి క్షేమము ముఖ్యమని తలంచి వ్రాయుచున్నాము.

మేము కారు నడుపుట నేర్చినది ఏబదవ యేట. పిల్లలు ఉద్యోగములకై దూరదేశములకు పోయిన పిమ్మట, బజారునకు పోవలెనన్నను, వైద్యుని యొద్దకు పోవలెనన్నను ఒకరిని బ్రతిమాలుకొనుచు కూర్చుండుట కష్టమని తోచి నేర్చుకొంటిమి. విశాఖపట్టణపు వీధులలో ఆఱేండ్లు నడిపిన పిదప మాకు కొంత గర్వము కూడ పుట్టినది.

మాతో బడిలో ఒకే బల్లపై కూర్చుండి చదువుకొన్న స్నేహితురాలొకతె కలదు. ఆమె కిందటి సంవత్సరము భర్తను పోగొట్టుకొని, అది మొదలు గడప దాటుట మానివేసినది. ఆమెను ఒక్క దినమైనను బయటి గాలికి తీసికొని పోవలెనని మా కోరిక. "అరకులోయకు పోదాం రావే" అని పిలిచితిమి. ఎన్నో సార్లు కాదని, తుదకు ఒప్పుకొన్నది. ఆమె కుమారుడు, "ఘాటురోడ్డు గదా పిన్నీ, డ్రైవరును పెట్టుకొని వెళ్ళండి" అనెను. "డ్రైవరెందుకురా, నేను లేనా?" అని నవ్వితిమి. ఆ మాటయే తరువాత మా నోరు కట్టివేసినది.

విశాఖపట్టణమునుండి అరకునకు రోడ్డుదారి సుమారు 115 కిలోమీటర్లు. తెల్లవాఱుజామున బయలుదేరి, శృంగవరపుకోటలో ఆగి ఇడ్డెనులు తిని కాఫీ త్రాగితిమి. ఆ ఊరు దాటిన కొంతసేపటికి కొండ యెక్కుట మొదలగును. అక్కడనుండి మలుపు వెనుక మలుపు. ఒక ప్రక్క కొండ, ఒక ప్రక్క లోయ. మా స్నేహితురాలు అద్దము దింపి చూచుచు, బడిలో మా లెక్కల పంతులుగారిని అనుకరించి మాటలాడినది. ఏడాది తరువాత ఆమె నవ్వు వినుట అదే మొదలు. ఎండ యెక్కగా మరల అద్దములు మూసి, ఏ.సీ. పెట్టితిమి.

స్టీరింగు వెనుక, వేగము చూపు ముల్లునకు ప్రక్కగా, ఇంజను వేడిని చూపు ముల్లు ఒకటి యుండును. మా కారులో అది యెల్లప్పుడును నడుమ నిలుచును. ఆ దినమున నాలుగైదు మలుపులు తిరుగునప్పటికి అది నడిమి గీతను దాటినట్లు కనబడెను. మఱి రెండు మలుపులకు ఎఱ్ఱగీత దాపునకు వచ్చెను. మేము చూచితిమి. చూచియు ఒక్క మాటయైనను చెప్పలేదు. చెప్పినచో ఆమె భయపడునని మాకు మేము చెప్పుకొంటిమి. అది సాకు మాత్రమే. "డ్రైవరును పెట్టుకోవలసినది" అను మాట వినవలసి వచ్చునని మా అసలు భయము.

టైడ దాటిన పిమ్మట, పాకము మాడినట్లు తియ్యని వాసన యొకటి వచ్చెను. "ఏమే, ఆ వాసనేమిటి?" అని ఆమె అడిగెను. "ఏదో అడవిపువ్వు" అంటిమి! ఆ మాట ముగియకమునుపే బానెట్టు సందులనుండి తెల్లని ఆవిరి పొంగి వచ్చెను. కొంచెము వెడల్పుగా ఉన్న చోటు చూచి కారు ఆపి, ఇంజను కట్టివేసి, హ్యాండుబ్రేకు లాగి, వెనుక చక్రములకు రాళ్ళు పెట్టితిమి. ఫోనులు తీసి చూడగా ఇద్దఱి ఫోనులకును సిగ్నలు లేదు.

మేము ఎఱ్ఱని త్రికోణపు పలకను పట్టుకొని, వెనుకనుండి వచ్చు బండ్లకు కనబడునట్లు నిలుపుటకై మలుపు దాక పోయితిమి. అంతలో మా స్నేహితురాలు తనకు తోచిన ఉపకారము చేయబోయినది. బానెట్టెత్తి, మూతపై తువ్వాలు వేసి, "కాస్త నీళ్ళు పోస్తే చల్లారుతుంది" అనుచు రేడియేటరు మూతను త్రిప్పుచుండెను. అప్పుడే దిగువనుండి జనముతో వచ్చుచున్న జీపు డ్రైవరొకడు, "అమ్మా, ముట్టుకోవద్దు!" అని కేక వేసెను. ఆమె ఉలికిపడి చేయి వెనుకకు తీసికొన్నది. అప్పటికే మూత సగము కదలినది. బుస్సుమని చిమ్మిన వేడినీరు ఆమె మణికట్టుపై రూపాయిబిళ్ళంత మేర పడెను. ఇంకొక క్షణము ఆలస్యమైనచో ఆ నీరంతయు ముఖముపై పడియుండును. ఆ తలంపు నేటికిని మాకు నిద్రలో వచ్చుచున్నది.

ఇందులోని కారణము మనకు తెలియనిది కాదు. ప్రెషరుకుక్కరు ఆవిరి పోకమునుపు మూత తీయు ఇల్లాలు ఎవరైనను కలరా? రేడియేటరు కూడ అట్టిదే. మామూలు నీరు 100 డిగ్రీలకే మరగును. కొండ యెక్కినకొలది, సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున, ఇంకను తక్కువ వేడికే మరగును. అందుచేత ఇంజనులోని నీటికి కూలెంటు అను ద్రవము కలిపి, గట్టి మూత బిగించి, ఒత్తిడిలో ఉంచెదరు. అప్పుడది సుమారు 120 డిగ్రీల వఱకు మరగక నిలుచును. మూత వదలినచో ఒత్తిడి పోయి, ఆ నీరంతయు ఒక్క పెట్టున మరగి పైకి చిమ్మును. నలుబదేండ్లు వంటయింటిలో ఉన్న మాకిద్దఱికి ఈ సంగతి రోడ్డుమీద తోచకపోయెను.

కాలిన చేతిపై మా వద్దనున్న మంచినీళ్ళ సీసాలను ఒకటొకటిగా ధారగా పోసితిమి. కాలినచోట సుమారు 20 నిమిషములు చల్లని నీటిధార పడవలెను. మంచుగడ్డ గాని, పండ్లపొడి గాని, వెన్న గాని పెట్టగూడదు.

ఆ జీపు డ్రైవరు తన బండిలోని వారిని కాసేపు దిగి కూర్చుండుడని చెప్పి, ముప్పావుగంట సేపు ఇంజను చల్లారనిచ్చి, పిమ్మట చూచెను. పైనున్న రబ్బరు గొట్టము బీట వాఱినది. బండి తొమ్మిదేండ్లది, గొట్టమును మార్పింపవలెనని మాకెన్నడును తోచలేదు. అతడు పాత సైకిలుట్యూబు ముక్కను గొట్టమునకు బిగించి చుట్టి, తన డబ్బాలోని నీరు కొంచెము కొంచెముగా పోసెను. కాగిన ఇంజనులో చన్నీళ్ళు ఒక్కసారి గుమ్మరించిన లోపలి లోహము చిట్లుననియు చెప్పెను. "ఇది తాత్కాలికమే అమ్మా. పైకి వెళ్ళవద్దు, దిగేటప్పుడు ఇంజనుకు పని తక్కువ. మెల్లగా కోటకు పోయి గొట్టం మార్పించుకోండి" అని, మేమిచ్చిన సొమ్ము వలదని, జనమును ఎక్కించుకొని పోయెను.

దిగుదారిలో చాల సేపు ఇద్దఱమును మాటలాడలేదు. తుదకు మేమే, "ముల్లు పైకి పోవడం నేను ముందే చూశానే. నీకు చెప్పలేదు. భయపడతావని..." అని నసిగితిమి. ఆమె మణికట్టునకు చుట్టిన తడిగుడ్డను సరిచేసికొనుచు, మా వంక చూడకయే అనెను: "ఆయనా అంతేనే. నాలుగు రోజులు గుండెలో నొప్పి పెట్టుకుని, నేను భయపడతానని చెప్పలేదు. చెబితే భయపడేదాన్నే. భయపడి ఆసుపత్రికి తీసుకుపోయేదాన్ని."

సోదరీమణులారా! ఆమెకు బదులు చెప్పుటకు మాకు మాట రాలేదు. భయపడుట యెల్లప్పుడును కీడు కాదని ఆ దినమున తెలిసికొంటిమి. భయపడినవారు ఏదో యొక యుపాయము చూతురు. మనము దాచిన మాట వారికి ఆ అవకాశమును కూడ లేకుండ చేయును. ముల్లు నడిమి గీత దాటినప్పుడే మేము నోరు విప్పియున్నచో, ఏ.సీ. కట్టి, నీడను ఆగి యుందుము. ఆమె చేయి కాలకయే యుండును.

మా వలె పొరపడకుండుటకు కొన్ని సంగతులు. దూరము పోవునప్పుడు, ముందునాడు ఇంజను చల్లగా ఉండగా బానెట్టెత్తి, కూలెంటు తొట్టిలో ద్రవము పై గీతకును క్రింది గీతకును నడుమ ఉన్నదో లేదో చూడవలెను. రబ్బరు గొట్టములను వ్రేళ్ళతో నొక్కి, బీటలున్నచో మార్పింపవలెను. స్టెప్నీలో గాలి పట్టించుటయు, జాకీ ఎక్కడ నున్నదో తెలిసికొనుటయు మఱవరాదు. దారిలో ముల్లు పైకి పోయినచో ఏ.సీ. కట్టి, హీటరు పెట్టవలెను. అది ఇంజను వేడిని కొంత బయటికి లాగును. అయినను తగ్గనిచో వెంటనే ఆగవలెను. ఇంజను పూర్తిగా చల్లారువఱకు మూతను ముట్టరాదు. జాతీయ రహదారులపై సహాయమునకు 1033, ఎక్కడనైనను ఆపదవేళ 112 అను నంబరులు కలవు. కాని కొండదారులలో ఫోను పలుకకపోవచ్చును గనుక, ఏ దారిని పోవుచున్నది, ఎప్పటికి చేరునది ఇంటిలో చెప్పి పోవలెను.

"ఇంజను సంగతులు ఆడువారికేల?" అనువారు నేటికిని కలరు. వారికి మేము బెర్తా బెంజి కథ చెప్పుచుందుము. 1888వ సంవత్సరము ఆగస్టు మాసమున, జర్మనీ దేశములో, ఆమె తన భర్త కార్లు బెంజి నిర్మించిన మోటారుబండిపై ఇద్దఱు కుమారులను ఎక్కించుకొని, భర్తకు చెప్పకయే, మాన్‌హైము నుండి ఫోర్ట్స్‌హైమునకు నూఱు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసినది. మోటారుబండిపై అంత దూరము పోయిన మొదటి మనిషి ఆమెయే. దారిలో ఇంధనపు గొట్టము పూడిపోగా తన టోపీసూదితో పొడిచి బాగుచేసెను. ఇంధనము తఱుగగా మందుల దుకాణములో కొనెను. ఇంజను నీరు మాటిమాటికి ఆవిరియై పోవుచుండగా దారిపొడుగున నీళ్ళు తెచ్చి పోయుచు పోయినది. నూటముప్పది యేండ్లకు పూర్వమే ఒక ఇల్లాలు ఎఱిగిన సంగతిని నేడు మనము ఎఱుగకుండుట న్యాయమా?

నెల తిరిగినది. మా స్నేహితురాలి చేతిపై మచ్చ చాల వఱకు మానినది. గొట్టములన్నియు మార్పించితిమి. "ఈసారి డ్రైవరును పిలుతునా?" అని అడుగగా, "నువ్వే నడుపు, ముల్లును నేను చూస్తా" అని ఆమెయే బయలుదేరినది. టైడ దాటువఱకు, "నడుమనే ఉంది, నడుమనే ఉంది" అని ప్రతి మలుపునకు చదివినది. అనంతగిరి కాఫీతోటలలో, చెట్లకు ప్రాకిన మిరియపు తీగల నీడను కారు ఆపి, మధ్యాహ్నమునకు తెచ్చుకొన్న పులిహోర తింటిమి. సాయంకాలమునకు అరకు చేరితిమి.

మీ ప్రయాణములలో ఇట్టి అనుభవములు కలిగియున్నచో మాకు వ్రాయుడు. పొరపాటులను కూడ దాచక వ్రాయుడు. వానినే ముందుగా ప్రకటింతుము.