మూలాలు తీసేసి సివిక్స్ ఎలా చెప్తారు?

సంపాదక మహాశయులకు,

అమెరికా హైస్కూలు సివిక్స్‌లో 1787 నాటి రాజ్యాంగ రచన సంగతులు తగ్గించి, ఓటరు నమోదు, పన్నుల పత్రాల వంటి పాఠాలు పెంచాలన్న మీ గత సంచిక వ్యాసంతో నేను ఏకీభవించలేను. అవీ నేర్పాల్సిందే. కానీ మూలాలు తీసేస్తే రాజ్యాంగం ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు ఉంటుంది.

రాజ్యాంగానికి ముందు, 1781లో అమల్లోకి వచ్చిన సమాఖ్య నిబంధనల కింద కాంగ్రెస్‌కు పన్ను వేసే అధికారమే లేదు. సవరణకు 13 రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. దిగుమతి సుంకం ప్రతిపాదన రోడ్ ఐలాండ్ కాదనడంతో ఆగిపోయింది. 1786లో మసాచుసెట్స్‌లో అప్పులపాలైన రైతులు ఏకంగా కోర్టులనే మూయించారు. ఇదంతా తెలిసిన విద్యార్థికి ఫెడరల్ పన్ను ఎందుకుందో వేరే చెప్పక్కర్లేదు.

రాజ్యాంగం రాసిన ఫిలడెల్ఫియా సభను దేవతల సభగా చూపే పాఠాలపై వ్యాసకర్త కోపం మాత్రం న్యాయమైనదే. ప్రాతినిధ్యం కోసం బానిసలను ఐదింట మూడు వంతులుగా లెక్కగట్టింది ఆ సభే. వాళ్లకు ఓటు లేదు, యజమానుల రాష్ట్రాలకు సీట్లు మాత్రం పెరిగాయి. అయితే దానికి మందు పాఠం తీసేయడం కాదు, పూర్తిగా చెప్పడం. హక్కుల ప్రకటన లేదన్న అభ్యంతరంతో ఆ సభలోని ప్రతినిధి జార్జ్ మేసన్ రాజ్యాంగంపై సంతకం పెట్టలేదు. అలాంటి ఒత్తిడి వల్లే 1791లో పది సవరణలు వచ్చాయి. ఆ మేసనూ బానిసల యజమానే! ఈ రెండు నిజాలనూ ఒకే మనిషిలో చూడటం పదహారేళ్ల పిల్లలకు బరువే. అయినా మోయగలరు, మోయనివ్వండి.

కోత పెట్టక తప్పదంటే, అధికరణాల నంబర్లు బట్టీ పట్టించే పరీక్షలకు పెట్టండి.

ఒక సివిక్స్ ఉపాధ్యాయురాలు,
న్యూజెర్సీ