గోడ ఒక్కటే రక్ష కాదు

భిలాయికి సముద్రం లేదు. అయినా భిలాయి కొలిమి సముద్రంతో ముడిపడి వున్నది. ఇనుప ఖనిజం దల్లీ రాజ్‌హరా గనులదే గాని, దానిని కరిగించుటకు కావలసిన కోకింగు బొగ్గు ఓడలలో విశాఖ తీరానికి వచ్చి, అక్కడినుంచి రైలు వాగన్లలో ఇక్కడికి చేరుతున్నది. మన శివనాథ్ నది నీరు మహానదిలో కలిసి బంగాళాఖాతానికే పోతున్నది. అన్నిటికంటె ముఖ్యమైనది, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాలనుంచి వచ్చి ఈ కర్మాగారాన్ని నిలబెట్టినవారిలో వేలాదిగా వున్న తెలుగు కార్మికుల బంధుత్వం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస వద్ద తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడిమామిడి తోటలను కూల్చివేసినపుడు, ఆ నష్టం ఖుర్సీపార్ బస్తీలకూ, సెక్టార్ల క్వార్టర్లకూ పరాయిది కాలేదు.

కాబట్టి సముద్రమట్టం పెరుగుతున్నదన్న వార్తను మనం దూరపు వార్తగా చదువరాదు. 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగినదని శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంఘం నిర్ధారించినది. 2006–2018 మధ్య ఈ పెరుగుదల ఏటా 3.7 మిల్లీమీటర్లు. అంకె చిన్నదే. కాని ఉప్పెన వచ్చిననాడు అది ఏ మట్టంనుంచి లేస్తుందో, ఆ మట్టమే ఏటేటా పైకి జరుగుతున్నది.

తీరం కోతకు గురైన ప్రతిచోటా వినవచ్చే మొదటి కోరిక గోడ. గోడ అంటే సిమెంటు, ఇనుము, బండరాళ్లు. ఉక్కు కార్మికులకు ఈ కోరిక వినసొంపుగా వుండవచ్చును. గోడ యెంత పొడవైతే మనకు అంత పని. అందువల్లనే ఈ విషయంలో నిజం చెప్పవలసిన బాధ్యత మనపై మరింత వున్నది.

కాకినాడ చేరువలోని ఉప్పాడను చూడండి. అక్కడ సముద్రం దశాబ్దాలుగా ఇండ్లను, రోడ్డును మింగుతున్నది. బండరాళ్లు పోశారు, ఇసుక నింపిన జియోట్యూబులతో గోడ వేశారు, తుఫానుల తాకిడికి అదీ దెబ్బతిన్నది. తప్పు కెరటానిదే కాదు. గోదావరి తెచ్చే ఒండ్రు 1970వ దశకంలో ఏటా సుమారు 15 కోట్ల టన్నులుండగా, 1990వ దశకానికి 6 కోట్ల టన్నులకు లోపే అయినదని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు. ఒండ్రు ఆనకట్టల వెనుక ఆగిపోతే డెల్టా తీరం తరుగక తప్పదు. అటువంటిచోట గోడ కట్టితే, గోడను కొట్టిన కెరటం దాని పాదంలోని ఇసుకను తోడివేస్తుంది. గోడ ముగిసినచోట పక్క గ్రామాన్ని కోస్తుంది.

విశాఖ అనుభవమూ ఇదే. 1970వ దశకంలో ఔటర్ హార్బరు కొరకు కట్టిన అలల అడ్డుగట్టల వలన, తీరం వెంట ఉత్తరానికి సాగే ఇసుకకు ఆటంకం కలిగినది. ఆ ఇసుకను డ్రెడ్జర్లతో తోడి రామకృష్ణా బీచికి చేరవేయవలసి వస్తున్నది. ఇది తీరానికి చేస్తున్న దానం కాదు. అప్పు తీర్చుట మాత్రమే.

రక్షణకు మరొక మార్గం వున్నది. 1999 అక్టోబరులో ఒడిశాను ముంచిన పెనుతుఫాను తరువాత కేంద్రపడా జిల్లాలో పరిశోధన జరిగినది. సముద్రానికీ తమకూ నడుమ వెడల్పైన మడ అడవి మిగిలిన గ్రామాలలో మరణాలు తక్కువని అందులో తేలినది. మడ చెట్ల వేళ్లు కెరటం బలాన్ని విరుస్తాయి, బురదను పట్టి నేలను పెంచుతాయి, చేపపిల్లలకు, రొయ్యపిల్లలకు నీడనిస్తాయి. ఏ గోడా ఈ మూడు పనులూ చేయలేదు. చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి ఆటుపోట్ల నీటిని ఆడనిస్తే, ఉప్పు పేరుకొని మోడువారిన నేలలోనూ మడ మొక్క బ్రతుకుతుందని గోదావరి, కృష్ణా తీరాలలో రుజువైనది. గోడలకు పేరుపడ్డ నెదర్లాండ్స్ సైతం 2011లో హేగ్ నగరం వద్ద 2 కోట్ల 15 లక్షల ఘనపు మీటర్ల ఇసుకను పోసి, దానిని తీరం వెంట పరచే పనిని గాలికి, కెరటాలకు వదిలినది.

మేము ఉక్కుకు వ్యతిరేకంగా వ్రాయుటలేదు. రేవులకు, వంతెనలకు, తుఫాను రక్షణ భవనాలకు ఉక్కు కావాలి. కొలిమి స్లాగుతో చేసిన సిమెంటు ఉప్పునీటిని మెరుగుగా తట్టుకుంటుంది. కాని ప్రపంచ కర్బన ఉద్గారాలలో 7 శాతం వరకు ఉక్కు పరిశ్రమవే అన్న సత్యాన్నీ దాచరాదు. కొలిమి మారవలసినదే, ఆ మార్పు ఖర్చును కాంట్రాక్టు కార్మికుని కూలినుంచి రాబట్టరాదు.

ప్రభుత్వ విధానంలో పొంతన లేదు. 2019 జనవరిలో వెలువడిన తీర నియంత్రణ నిబంధనలు జనసాంద్రత హెచ్చుగా వున్న గ్రామీణ తీరాలలో నిర్మాణ నిషేధ మండలాన్ని 200 మీటర్లనుంచి 50 మీటర్లకు కుదించినవి. 2023–24 బడ్జెటులో అదే ప్రభుత్వం మడ అడవుల పెంపకానికి మిష్టి పథకం ప్రకటించినది. మొక్క నాటుతామంటూనే అది పెరిగే చోటును తగ్గించితే ప్రయోజనమేమి?

మడ అడవిని, ఇసుక దిబ్బను రోడ్డువలె, వంతెనవలె ప్రజా నిర్మాణాలుగా గుర్తించాలి. వాటి పోషణకు ఏటేటా నిధులుండాలి. ఆ పని తీరగ్రామాల కూలీలకు, మత్స్యకారులకు న్యాయమైన వేతనంతో దక్కాలి. రేవు కట్టినవారే ఆగిన ఇసుకను అవతలికి చేర్చే ఖర్చు భరించాలి. మత్స్యకారుల సమ్మతి లేక ఏ గోడా లేవరాదు, ఏ వూరూ కదలరాదు.

ఈ కోర్కెలను మత్స్యకారులు ఒంటరిగా వినిపించవలసిన స్థితి రాకూడదు. భిలాయి ఉక్కు కార్మికులు వారి పక్షాన నిలవాలి. మనం కరిగించిన ఉక్కు ఏ తీరాన నిలబడుతున్నదో, యెవరికొరకు నిలబడుతున్నదో అడిగే హక్కు మనకున్నది. ఆ హక్కును వినియోగించుకుందాము.