పక్కకి మారిపోతాయిలే అన్నారు

సముద్రానికి అడ్డంగా 33 కిలోమీటర్ల గోడ కడితే అక్కడ వాలే పిట్టలు ఏమవుతాయి? పక్కనున్న బురదలోకి మారిపోతాయిలే అన్నారు. దక్షిణ కొరియాలోని సేమంగుమ్ ప్రాజెక్టు గురించి చదువుతుంటే మొదట నాకూ ఇది కరెక్టే అనిపించింది. హాస్టల్లో ఒక బ్లాక్ మూసేస్తే మనం ఇంకో బ్లాక్‌కి వెళ్ళమా?

పిట్ట పేరు గ్రేట్ నాట్. మన ఉల్లంకి పిట్టలకి చుట్టం. సైబీరియా కొండల్లో గుడ్లు పెడుతుంది. చలికాలంలో వీటిలో ఎక్కువ భాగం ఆస్ట్రేలియా ఉత్తర తీరానికి చేరతాయి. తిరిగి వెళ్ళేటప్పుడు వేల కిలోమీటర్లు ఎగిరి, చైనాకీ కొరియాకీ మధ్యనున్న పసుపు సముద్రం ఒడ్డున దిగుతాయి. అప్పటికి ఒంట్లో కొవ్వంతా కరిగిపోయి ఉంటుంది. పోటు తగ్గాక బయటపడే బురదలో చిన్న చిన్న గుల్లలు తిని మళ్ళీ బరువు పెరిగితేనే మిగతా ప్రయాణం. ఛార్జింగ్ పాయింట్ అనుకోండి. అక్కడ ప్లగ్ పీకేస్తే సైబీరియా కొండలు ఎంత పచ్చగా ఉన్నా, ఆస్ట్రేలియాలో ఎంత గట్టి చట్టం ఉన్నా లాభం లేదు.

2006 మార్చిలో కొరియా సుప్రీంకోర్టు ప్రాజెక్టుని ఆపడానికి ఒప్పుకోలేదు. ఏప్రిల్లో గోడ మూసుకుంది. దాదాపు 400 చదరపు కిలోమీటర్ల బురద, లోతు లేని నీళ్ళు లోపల ఉండిపోయాయి.

నన్ను పట్టుకున్నది ఆ తర్వాతి కథ. కొరియా, ఆస్ట్రేలియా పక్షి పరిశీలకులు కలిసి 2006 నుంచి 2008 దాకా వలస సీజన్లో పిట్టల్ని లెక్కపెట్టారు. సేమంగుమ్‌లోనే కాదు, పక్క బురదల్లో కూడా. ఇక్కడ తగ్గినన్ని అక్కడ పెరగలేదు. దాదాపు 90,000 గ్రేట్ నాట్‌లు కనిపించకుండా పోయాయి. సరే, చైనా వైపు వెళ్ళాయేమో? దానికి జవాబు కొరియాలో దొరకదు. వాయవ్య ఆస్ట్రేలియాలో ఏళ్ళ తరబడి లెక్కపెడుతున్నవాళ్ళ దగ్గర దొరికింది. అక్కడా సంఖ్య పడిపోయింది. అంటే మారలేదు, చాలావరకు చచ్చిపోయాయనే అర్థం. 2015లో ఐయూసీఎన్ ఈ జాతిని అంతరించే ప్రమాదమున్న వాటిలో చేర్చింది.

మన సీఎస్ఈ వాళ్ళకి ఇది ఈజీగా ఎక్కుతుంది. ఒక్క సర్వర్ లాగ్ చూసి ప్యాకెట్ దారి మళ్ళిందో, పోయిందో చెప్పలేం. రెండు చివర్లా చూడాలి. అందుకే దేశాల మధ్య ఒప్పందం కన్నా ముందు ఒకే పద్ధతిలో లెక్క, దాన్ని పంచుకోవడం ముఖ్యమంటాను. సంతకాలు పెట్టేవాళ్ళకి ఫొటోలు వస్తాయి, బురదలో నిలబడి లెక్కపెట్టేవాళ్ళకి రావు. ఈ వలస దారిలోని దేశాలు, సంస్థలు కలిసి 2006లోనే ఒక భాగస్వామ్యం పెట్టుకున్నాయి. దాని ఆఫీసు ఇంచియాన్‌లోని సోంగ్డోలో ఉంది. సోంగ్డో కూడా బురద తీరాన్ని పూడ్చి కట్టిందే! నవ్వాలో ఏడవాలో తెలీదు.

అలాగని ఒప్పందాలు దండగ అనను. 2018లో చైనా తీరాన్ని పూడ్చే వ్యాపార ప్రాజెక్టుల్ని చాలావరకు ఆపేసింది. 2019లో చైనా బురద తీరాలు, 2021లో కొరియావి యునెస్కో వారసత్వ జాబితాకెక్కాయి. కానీ చేతిలో లెక్కలు లేకపోతే ఆ తీరాల గురించి ఎవరు పట్టించుకునేవారు?

మన దేశంలోనూ 1987 నుంచి ప్రతి జనవరిలో ఆసియా నీటిపక్షుల లెక్క జరుగుతోంది. మన కోరింగ, పులికాట్ కూడా అందులో ఉన్నాయి. "పది కొంగల్ని లెక్కపెడితే ఏమొస్తుందిరా?" అని మా రూమ్మేట్ అడిగాడు. ఒక్కటీ కనిపించకపోయినా సున్నా అని రాయాలి మామా, ఇంకో దేశంలో ఎవడో ఆ సున్నా కోసమే వెతుకుతుంటాడు అన్నాను. వాడు నమ్మినట్టు లేదు.

ఈ జనవరికి నేను కోరింగ వెళ్దామనుకుంటున్నా. బైనాక్యులర్ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, నా దగ్గర లేదు.