రాజమండ్రి ప్రాధాన్యం నిన్నటిది కాదు

సంపాదకుల వారికి,
రాజమహేంద్రవరంపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం బాగుంది. అయితే 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రం అయ్యాకే ఈ ఊరికి పాలనలో ప్రాధాన్యం దక్కిందన్న మాట ఒప్పుకోలేను. 1859లో గోదావరి జిల్లా ఏర్పడక ముందు కంపెనీ పాలనలో రాజమండ్రి పేరుతోనే జిల్లా ఉండేది. తర్వాత కలెక్టరు కాకినాడలో కూర్చున్నా, జిల్లా కోర్టు మాత్రం ఇక్కడే నడిచింది. ఉమ్మడి జిల్లా నలుమూలల నుంచీ కక్షిదారులు వాయిదాలకు ఈ ఊరే వచ్చేవారు.

గోదావరి ఈ ఊరి దగ్గరే చీలుతుందనడమూ సరికాదు. ఇంకాస్త దిగువన, ధవళేశ్వరం దగ్గర గౌతమి, వశిష్ఠ పాయలుగా విడిపోతుంది. కాటన్ ఆనకట్ట కట్టింది అక్కడే.

అవతలి గట్టున మా కొవ్వూరు ఇదివరకు పశ్చిమ గోదావరి. కలెక్టరేట్ పని పడితే ఏలూరు పోవాల్సిందే. ఇప్పుడు వంతెన దాటితే చాలు. జిల్లాల విభజన వల్ల మాకు కలిగిన అసలు మేలు ఇది, వ్యాసంలో దీని ప్రస్తావనే లేదు.

1900లో మొదలై 1997లో రైళ్లు ఆగిపోయిన హేవలాక్ వంతెన రాతి స్తంభాలు ఇంకా నీళ్లలో నిలబడే ఉన్నాయి. వాటిని కాపాడాలని మీ పత్రిక గట్టిగా రాయాలి.

– ఒక పాఠకుడు, కొవ్వూరు