తాళము వేసిన యింటికి సాక్షి

ఈ యుగాదికి బెంగుళూరునుండి కల్యాణదుర్గము చెంతనున్న తమ యూరు చేరిన యొక కూలి కుటుంబమువారు, గడియ యూడి వ్రేలాడుచున్న తలుపును, బోర్లపడిన బియ్యపు డబ్బాను, దాని యడుగున గుడ్డలో మూటగట్టి దాచిన కమ్మల జత మాయమగుటను చూచి, లబలబలాడుచు ఠాణాకు పోగా, అచ్చట రైటరు వేసిన మొదటి ప్రశ్న "ఎప్పుడు జరిగినది?" అనునదియట. సంక్రాంతి పండుగ ముగించుకొని తాళము వేసి పోయినవారు ఏమని చెప్పగలరు? ప్రథమ సమాచార నివేదికలో నేరము జరిగిన తేదీకి "నుండి", "వరకు" అని రెండు గళ్లుండును. ఆ రెంటి నడుమ రెండు నెలల కాలము దొర్లిపోయినది. ఈ మాట చెవినిబడినది మొదలు నా మనస్సు మనస్సులో లేదు.

ఇంటికి వీడియో నిఘా యేల యని యడుగువారికి నా సమాధాన మిదియే: నేరము జరిగిన ఘడియను అది పట్టి యిచ్చును. ఘడియ తెలిసినచో ఆ రాత్రి బస్టాండులోను, నలుబదినాలుగవ నెంబరు జాతీయ రహదారి టోల్‌గేటులోను నమోదైన దృశ్యములను వెదకవచ్చును. ఘడియ తెలియనిచో ఎంత సమర్థుడైన యధికారియు చీకటిలో తడుములాడవలసినదే.

ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖవారు ఎల్‌హెచ్‌ఎంఎస్ అను పేర నడుపుచున్న యేర్పాటు మన జిల్లాలోను కలదు. ఊరికి పోవువారు సెల్‌ఫోను యాప్‌లో పేరు నమోదు చేసికొని, ఏ దినమునుండి ఏ దినమువరకు ఇల్లు తాళము వేసియుండునో తెలిపినచో, పోలీసులే వచ్చి, కదలికను పసిగట్టు కెమెరాను ఉచితముగా నమర్చి పోవుదురు. లోపల మనిషి మెదలిన తక్షణమే కంట్రోల్‌రూమునకు హెచ్చరిక పోవును, గస్తీవారు బయలుదేరుదురు. సొంతముగా కెమెరాలు పెట్టించుకొన్న యిండ్లలో దొంగలు పోవుచు పోవుచు రికార్డింగు పెట్టెనుగూడ చంకబెట్టుకొని పోవుట కలదు. చిత్రము అప్పుడే పోలీసులకు చేరిపోయినచో ఆ పెట్టె నెత్తుకపోయి వారు సాధించున దేమి? ఇంతటి సౌకర్యమును గూర్చి పట్టణ కాలనీలలో వినబడినంతగా పల్లెలలో వినబడకపోవుట నాకు మిక్కిలి కష్టము తోచుచున్నది.

ఇంటిలోనికి ప్రభుత్వపు కన్ను ప్రవేశించునని శంకించువారున్నారు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన దేశమున ఆ శంక త్రోసిపుచ్చదగినది కాదు. పొరుగువాని వాకిలివైపు త్రిప్పిన కెమెరాలను నేనును సహింపను. కాని ఎవరును లేని యింటిలో, యజమాని కోరినన్ని దినములు మాత్రమే యుండి తొలగిపోవు కెమెరా యెవరి గుట్టు రట్టు చేయును?

ఇరుగుపొరుగు చూడరా యందురు. ఆ యిరుగుపొరుగును బెంగుళూరులోనే సిమెంటు మోయుచున్నారు! ఏటికి అయిదువందల యేబది మిల్లీమీటర్ల వాన పడిననే పడినట్లు, అదియు అదనుకు పడునను నమ్మకము లేని యీ మెట్టసీమలో, వేరుశనగ చేతికి రాని యేడు వీథికి వీథియే తాళము వేసికొని పోవును. మిగులువారు కంటిచూపు మందగించిన ముదుసళ్లు. నూరుగురు గుమిగూడు తావులలో కెమెరాలుండవలెనని 2013లోనే చట్టము చేసిన రాష్ట్రము, ఒక్కరును లేని వీథిని గూర్చి యోచింపలేదు. వలస పోవువారి జాబితా వ్రాయుట పంచాయతీకి అసాధ్యమా? ఆ జాబితాను ఠాణాకు పంపిన చాలును. సెల్‌ఫోను చేత పట్టనేరని అవ్వ యింటికి గూడ కాపు దొరకును.

ఇంతకంటె ఘోరమైనది పొలములోని దొంగతనము. రాత్రివేళ ట్రాన్స్‌ఫార్మరును క్రింద పడద్రోసి, నూనె నేలపాలు చేసి, రాగితీగ నొలుచుకొని పోవు ముఠాలకు కంబదూరని లేదు, కూడేరని లేదు. పోయిన రాగి విలువ కొలదియే కావచ్చును. కాని ఆ ట్రాన్స్‌ఫార్మరుపై నాధారపడిన బోర్లన్నియు మూగవోవును. వేయి యడుగుల లోతునకు అప్పుచేసి దింపిన బోరు, దాని మోటారు, కేబులు, స్టార్టరు — రైతు సర్వస్వము ఆరుబయట నున్నది, ఇంటికున్న తాళమైనను దానికి లేదు. సౌరశక్తితో నడచు కెమెరాలు అంగడిలో దొరకుచున్న యీ కాలమున, ట్రాన్స్‌ఫార్మరు దిమ్మెకొకటి నిలుపుటకు విద్యుచ్ఛాఖవారును పోలీసువారును ఏల కూడి యోచింపరు? క్రొత్త ట్రాన్స్‌ఫార్మరు వచ్చులోపల పది దినములు గడచినచో, ఊడలు దిగు దశలోనున్న వేరుశనగ మరల తేరుకొనదు. ఆ రైతును మరుసటి నెల బెంగుళూరు బస్సు ఎక్కును.